బొమ్మ ఏల నిలిచిపోవుచున్నది?



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపబోవు విషయము వినగానే మీలో కొందఱు నవ్వవచ్చును. ఇంటిలో కూర్చుండి కంప్యూటరుమీద ఆటలాడుచు, ఆ యాటను దూరదేశములవారికి సయితము అప్పటికప్పుడే చూపించు కుఱ్ఱవాండ్రు నేడు మన పల్లెలలోను ఉన్నారు. అట్లు చూపించునపుడు బొమ్మ ఆగి ఆగి నడచుటయు, అలికినట్లు మసకబాఱుటయు తఱచుగా సంభవించుచుండును. దానికి కారణమేమి, దానిని సరిచేయుట యెట్లు అనునదియే నా ప్రసంగవిషయము. ముసలివారికి ఈ గొడవ యేల అని మీరడుగవచ్చును. ఈ మసకబొమ్మ మూలమున మా యింట రెండు జతల బంగారు గాజులు తాకట్టునకు పోబోయినవి. అవి పోకుండ ఆగిన విధమును మీకు మనవి చేయుదును. విన్న పిమ్మట ఈ గొడవ మనకు పట్టినదో కాదో మీరే నిర్ణయింపుడు.

నేను గోదావరి కాలువలమీద ముప్పదియేండ్లు ఓవర్సీయరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నీటి పంపకము తప్ప నాకు వేఱు విద్య రాదు. కంప్యూటరు సంగతి నాకు బోధపడినంతవఱకు ఆ కాలువల భాషలోనే బోధపడినది. కావున మీకును ఆ భాషలోనే చెప్పుదును.

నా కుమార్తె భర్త గతించినది మొదలు తన కుమారునితో మా యింటనే యున్నది. మనుమడు పట్టపరీక్షకు చదువుచున్నాడు. పగలు కళాశాల, రాత్రి తొమ్మిదిగంటలకు కంప్యూటరు. మోటారుబండిని అడవిదారులలో వానలో నడిపించు ఆట యొకటి యాడుచు, రెండేండ్లుగా దానిని యూట్యూబులో ప్రత్యక్షముగా ప్రసారము చేయుచున్నాడు. ఇది జూదమేమోయని నేనును మొదట శంకించితిని. కాదు. సొమ్మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు భారత పార్లమెంటు 2025లో చట్టమే చేసినది. మావాని యాటలో సొమ్ము ఒడ్డుట లేదు. వాడు మాటలాడుచు బండి నడుపును, చూచువారు ప్రశ్నలు వ్రాయుదురు, వాడు జవాబులు చెప్పును. ఒక యేడు తన పరీక్షరుసుమును ఆ వచ్చిన సొమ్ముతోనే కట్టుకొన్నాడు. తల్లిమీద భారము వేయక తన కాళ్లమీద తాను నిలువవలెనని వానికి గల పట్టుదలను నేనెఱుగుదును.

గత వర్షకాలమున వాని ప్రసారము చెడనారంభించినది. తొమ్మిది దాటగానే బొమ్మ నిలిచిపోవును. మాట తెగిపోవును. వాన కురియు ఘట్టము వచ్చినచో చెట్లన్నియు గళ్లు గళ్లుగా విడిపోవును. చూచువారు "ఆగిపోయినది" అని వ్రాసి వెడలిపోవుచుండిరి. ఒకనాటి రాత్రి వాడు దీపమార్పి చీకటిలో కూర్చుండుట చూచితిని. మఱునాడు తల్లితో, "యంత్రము పాతబడినది. క్రొత్తది కొనక తప్పదు. లక్షా యిరువదివేలగును" అనెను. నా కుమార్తె మాఱుమాటాడక పెట్టె తెఱచి గాజులు తీసినది.

నేనడ్డుపడితిని. "అమ్మా, ఒక్క వారము గడువిమ్ము. తెగులు ఎక్కడనున్నదో చూడక మందుకు సొమ్మీయరాదు" అంటిని. మనుమడు, "తాతయ్యా, నీకిది తెలియదు గదా" అనెను. "తెలియదు, నీవు చెప్పుము, నేనడుగుదును" అంటిని. ఆ వారముదినములు మేమిరువురము చేసిన పని యిది.

పొలమునకు నీరందలేదని మొఱపెట్టు రైతును ఓవర్సీయరు మొదట అడుగునది యొక్కటే. తలవద్ద నీరు లేదా, నడుమ పోవుచున్నదా, చివర అందకున్నదా అని. ఈ ప్రసారమునకును అట్టి మూడు మజిలీలు గలవు. మొదటిది కంప్యూటరు బొమ్మను గీయుట. రెండవది ఆ బొమ్మను పంపుటకు వీలుగా కుదించుట. దీనినే ఎన్‌కోడింగు అందురు. మూడవది కుదించిన దానిని ఇంటినుండి బయటకు పంపుట. బొమ్మ ఆగుట మూడు చోట్ల దేనివలననైనను కలుగవచ్చును. చూచువానికి మాత్రము మూడును ఒక్కతీరుగనే కనబడును. చిక్కంతయు అక్కడనే యున్నది.

మావాడు ప్రసారమునకు వాడు సాధనము పేరు ఓబీఎస్. హ్యూ బెయిలీ అనునతడు 2012లో దానిని ప్రారంభించెను. అది ఉచితముగా లభించును. దానిలో గణాంకముల పట్టిక యొకటి కలదు. రెండేండ్లుగా వాడుచున్నను మావాడు దానిని తెఱచి యెఱుగడు. దానిలో మూడు లెక్కలు వేఱువేఱుగా నుండును. గీయుటలో ఆలస్యమువలన తప్పిపోయిన ఫ్రేములెన్ని, కుదించుటలో ఆలస్యమువలన దాటవేసిన ఫ్రేములెన్ని, పంపుటలో ఇమడక పాఱవేసిన ఫ్రేములెన్ని అని. ఫ్రేమనగా ఒక్కొక్క బొమ్మ. కాలువకు మూడు మైలురాళ్లవద్ద మూడు నీటికొలతల పలకలు పాతినట్లే ఇది.

ఆ రాత్రి అరగంట ప్రసారము చేయించి పట్టిక చూచితిమి. మొదటి లెక్కలో నూటికొకటి. రెండవ లెక్క సున్న. మూడవ లెక్కలో నూటికి పదునెనిమిది! అదే సమయమున ఆటను కంప్యూటరులోనే భద్రపఱచి, తరువాత త్రిప్పి చూచితిమి. ఆ బొమ్మ ఎక్కడను నిలువలేదు. ఇంటిలోని నకలు బాగుండి, బయట చూచువారందఱికిని బొమ్మ ఆగుచున్నచో, తప్పు దారిలోనున్నదికాని యంత్రములో లేదు. నకలుకూడ ఆగి ఆగి నడచినచో అప్పుడు యంత్రమును అనుమానింపవలెను. ఈ యొక్క పరీక్షవలననే మాకు లక్షా యిరువదివేలు మిగిలినవి. క్రొత్త యంత్రము వచ్చినను గండి గండిగనే యుండెడిది.

తరువాత దారి వెదకితిమి. మాది పాతకాలపు మండువా యిల్లు. మూరెడు మందము మట్టిగోడలు. ఇంటర్నెట్టు తెచ్చు రౌటరు వీథి అరుగుప్రక్కన, కంప్యూటరు పెరటిగదిలో. నడుమ నాలుగు గోడలు. వైఫై అనునది గాలిలో పోవు రేడియో తరంగము. గోడ దాటిన కొలది అది సన్నగిల్లును. ఇరుగుపొరుగుల వైఫైలును అదే గాలిని పంచుకొనును. నడుమ పోయిన ముక్కను మరల పంపవలసివచ్చును. ఉత్తరమైనచో ఒక నిమిషము ఆలస్యమైనను నష్టము లేదు. ప్రత్యక్షప్రసారము అట్లు వేచియుండజాలదు. వెనుకనుండి క్రొత్త బొమ్మలు త్రోసికొని వచ్చుచునే యుండును. పోగుపడినవానిని సాధనము పాఱవేయును. అదియే మూడవ లెక్క. ఇరువదిమీటరుల కేబులు కొనితెచ్చి దూలముల వెంబడి లాగితిమి. కొన్ని వందల రూపాయల ఖర్చు. పదునెనిమిది ఆఱునకు దిగినది.

ఆఱు మిగిలినవి. మావాడు, "సెకనునకు నలువది మెగాబిట్ల కనెక్షను గదా, ఇంకను చాలదా" అనెను. ఇక్కడ పెక్కుమంది పొరబడుదురు. ఇంటికి వచ్చు దారి వేఱు, ఇంటినుండి పోవు దారి వేఱు. సినిమా చూచుటకు వచ్చు దారి కావలెను. ప్రసారము చేయుటకు పోవు దారి, అనగా అప్‌లోడు, కావలెను. కొన్ని కనెక్షనులలో రెండును సమానము. కొన్నింటిలో వచ్చు దారి పెద్దకాలువ, పోవు దారి పిల్లబోదె. ఉదయమున కొలువగా పోవు దారి సెకనునకు ఎనిమిది మెగాబిట్లు. రాత్రి ఎనిమిదిన్నరకు ఐదు. తొమ్మిదింబావునకు రెండు!

ఊరందఱును చూచు వేళ కావున తగ్గుట సహజము. కాని ఎనిమిదిన్నరకు ఐదుండి, ముప్పావుగంటలో రెండేల కావలెను? ప్రతిదినము సరిగా తొమ్మిదింటికే యేల? మీదనెవడో తూము త్రవ్వినాడని నా పాత ఉద్యోగబుద్ధి చెప్పినది. ఇంటిలోని వస్తువులన్నిటిని ఒక్కొక్కటిగా ఆపి కొలువనారంభించితిమి. టెలివిజను ఆపినను రెండే. నా కుమార్తె ఫోను ఆపినను రెండే. చివరకు మావాడు సంకోచించుచు, "తాతయ్యా, నీ ఫోను?" అనెను. ఆపితిమి. ఐదు.

పెద్దలారా, దొంగను నేనే. నేను రాత్రి తొమ్మిదింటికి ఫోనును ఛార్జింగులో పెట్టి పండుకొందును. ఛార్జింగులో నుండి, వైఫై అందుచుండగా, లోనున్న ఫోటోలను వీడియోలను తనంతట తాను దూరపు భండారమునకు పంపుకొనునట్లు ఎవరో దానిని అమర్చియుంచిరి. వేసవిలో మా తమ్ముని మనుమరాలి వివాహమునకు వెళ్లి నేను చేతికి వచ్చినట్లెల్ల వీడియోలు తీసితిని. ఆ తలంబ్రాలును, ఆ అప్పగింతలును రాత్రికొన్నిగా పిల్లబోదెలో పడి ప్రయాణము చేయుచుండెను. దొంగతూము పెట్టినారని నా ఉద్యోగకాలమున ఎందఱి రైతులమీదనో నేను వ్రాసితిని. వారిలో కొందఱికి తాము చేయుచున్నది తెలియనే తెలియదని నాడు నేను నమ్మలేదు. ఆ రాత్రి నమ్మితిని. మనుమడు నన్నొక్క మాట యనలేదు. నవ్వి, ఫోనును నా చేతికిచ్చెను. మఱునాటినుండి నా ఫోను మధ్యాహ్నమున ఛార్జింగుకు పోవుచున్నది.

ఇక మిగిలినది మసక. పాఱవేయు ఫ్రేములు తగ్గినను, వానఘట్టమున గళ్లు పోలేదు. దీనికి కొంచెము లెక్క కావలెను. మావాడు పంపు బొమ్మ అడ్డమునకు 1920, నిలువునకు 1080 చుక్కలు. గుణించిన 20,73,600. అట్టి బొమ్మలు సెకనునకు 60 పంపుచుండెను. అనగా సెకనునకు 12,44,16,000 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు తెలుపుటకు 24 బిట్లు. మొత్తము సెకనునకు దాదాపు 300 కోట్ల బిట్లు. వాడు పంపుటకు నియమించుకొన్నది 60 లక్షలు. ఐదువందల బస్తాలను ఒక్క బస్తాలోనికి కుదించుటయే యిది.

ఇది యెట్లు సాధ్యమనగా, మాఱిన చుక్కలను మాత్రము పంపి, మాఱనివానిని "మునుపటివలెనే" యని చెప్పుట. 2003లో ఏర్పడిన హెచ్.264 అను పద్ధతి నేటికిని ఇందుకు విరివిగా వాడబడుచున్నది. రెండు సెకనులకొకమాఱు పూర్తిబొమ్మను పంపి, నడుమ మార్పులను మాత్రమే పంపునట్లు సాధారణముగా అమర్చుదురు. మనిషి కూర్చుండి మాటలాడు బొమ్మలో మార్పు స్వల్పము. వాన కురిసి, ఆకులు కదలి, బండి పరుగెత్తు బొమ్మలో సమస్తము మాఱును. అప్పుడు ఉన్న బిట్లు చాలక చుక్కలు గుంపులుగా ఒక్కరంగు పూసికొని గళ్లుగా కనబడును. ఒక తడికి చాలు నీటిని నాలుగెకరములకు త్రిప్పినచో ఏ మడియు తడియదు గదా.

రాత్రివేళ మా పోవు దారి ఐదు మెగాబిట్లు. దానిలో అఱువదిలక్షల బిట్లు ఎట్లును పట్టవు. పట్టినంతయు నింపుటయు తప్పే; నూటికి డెబ్బది, డెబ్బదియైదు పాళ్లే వాడి, తక్కినది ఒడిదుడుకులకు విడువవలెను. కావున బిట్‌రేటు 35 లక్షలకు దించితిమి. సాధనములో దానిని 3500 అని వ్రాయుదురు. బొమ్మను 1280 కి 720 చుక్కలకు, సెకనునకు 60 బొమ్మలను 30కి తగ్గించితిమి. సెకనునకు 2,76,48,000 చుక్కలైనవి. నీరు తగ్గినదికాని పొలము అంతకంటె ఎక్కువ తగ్గినది. లెక్కవేసిన ఒక్కొక్క చుక్కకు వచ్చు బిట్లు మునుపటికి రెండున్నర రెట్లకు మించినవి.

మావాడు మొదట ఒప్పుకొనలేదు. "చిన్నబొమ్మ పంపిన నన్ను చిన్నచూపు చూతురు" అనెను. అది బొమ్మను గుఱించిన మాట కాదని నాకు తెలియును. తోడివారి పెద్ద యంత్రముల యెదుట తన లేమి బయటపడునని వాని బాధ. "ఎవరికిని కనబడకుండ ఒక ప్రసారము చేసి, నీవే చూచుకొనుము" అంటిని. అట్టి యేర్పాటు యూట్యూబులో కలదు. తల్లి ఫోనులో చూచినాడు. వానలో ఆకులు ఆకులుగా కనబడినవి. వాని ప్రసారమును చూచువారిలో పెక్కుమంది ఫోనులలోనే చూచువారు; వారికి పెద్దబొమ్మ పంపినను చిన్నతెరమీదనే పడును. మఱునాటినుండి ఆ కొలతనే ఉంచినాడు.

మొదటి లెక్కలోని నూటికొకటిని గుఱించియు చెప్పవలెను. ఆటను స్వేచ్ఛగా విడిచినచో అది బొమ్మలు గీయు చిప్పు శక్తినంతయు తానే త్రాగివేయును, ప్రసారసాధనమునకు మిగులదు. ఆటలోనే సెకనునకు 60 బొమ్మలని హద్దు పెట్టితిమి. విండోసులో ఓబీఎస్‌ను నిర్వాహకుని హక్కుతో నడుపుటవలనను దానికి ముందువంతు దొరకును. ఆ లెక్కయు సున్నకు వచ్చినది.

రెండవ లెక్క పెరిగినవారు కుదింపుపనిని ఎవరు చేయుచున్నారో చూడవలెను. ప్రధానమైన ప్రాసెసరు చేత చేయించినచో ఆటకు దానికి పోటీ కలుగును. పెక్కు గ్రాఫిక్సు కార్డులలో కుదింపునకే ప్రత్యేకమైన భాగముండును, పనిని దానికప్పగింపవలెను. అది లేనిచో కుదింపువేగమును పెంచు అమరికను ఎన్నుకొనవలెను. ఇవన్నియు చేసి, ఆటలోని అలంకారములను తగ్గించి, బొమ్మను చిన్నది చేసినను మొదటి రెండు లెక్కలు పెరుగుచునే యున్నచో, అప్పుడు యంత్రము నిజముగా చాలదు. అప్పుడు క్రొత్తది కొనుట న్యాయమే.

మఱి రెండు మాటలు. ఆడినదానికిని చూచినదానికిని నడుమ కొన్ని సెకనుల యెడముండుట తెగులు కాదు. ప్రసారసంస్థ ఆ సెకనులను చెఱువులో నీటివలె నిలువచేసి వదలును. చెఱువు చిన్నదైన కొలది జవాబు త్వరగా అందును గాని, దారిలో స్వల్పమైన ఆటంకము వచ్చినను బొమ్మ ఆగును. ఇఁక చూచువారిలో ఒక్కరికే బొమ్మ ఆగి, తక్కినవారికి సాఫీగా నున్నచో, తప్పు ఆ యొక్కరి బోదెలోనిది. దానికై తలతూము విప్పి మరమ్మతు చేయరాదు.

ఆ వారము గడచిన పిమ్మట మూడవ లెక్కయు సున్నకు దగ్గఱగా దిగినది. రాత్రులలో ఒకప్పుడు కనెక్షనే సన్నగిల్లి బొమ్మ మసకబాఱుట నేటికిని కలదు. దానికి మాచేతిలో మందు లేదు. వెడలిపోయినవారందఱును తిరిగి రాలేదు, కొందఱు వచ్చిరి. గాజులు పెట్టెలోనికి పోయినవి. నా కుమార్తె వానిని మరల లోపల పెట్టునప్పుడు నావైపు చూచినది. ఆ చూపునకు ముప్పదియేండ్ల ఉద్యోగములో నాకు వచ్చిన మెప్పులేవియు సరిరావు.

పెద్దలారా, మీ యింట ఇట్టి కుఱ్ఱవాడున్నచో రెండు విధముల తొందర కూడదని నా మనవి. పనికిమాలిన పని యని కసరి పంపుటయు తొందరయే. అడిగినదే తడవుగా అప్పుచేసి కొనిచ్చుటయు తొందరయే. వాని ప్రక్కన పీట వేసికొని కూర్చుండి మూడు ప్రశ్నలడుగుడు. ఇంటిలోని నకలు బాగున్నదా? మూడు లెక్కలలో ఏ లెక్క పెరుగుచున్నది? రాత్రివేళ పోవు దారి యెంత? ఈ మూడింటికి జవాబు దొరకువఱకు కాసు తీయవలదు. మీరడుగుటకు కంప్యూటరు రానక్కఱలేదు. అడిగినవెనుక, వాడు మొగమాటముచేత చెప్పలేకున్న నాలుగవ ప్రశ్నను మీరే వేసికొనుడు. ఈ వేళ మీ ఫోను ఎక్కడనున్నది?